ఆపడం రాని డబ్బా

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు అర్ధరాత్రి రెండింటికి లేచేవాళ్లు ఇద్దరే: దొంగ, వరి వేసిన రైతు. దొంగకైనా తన వేళ తన చేతిలో ఉండేది. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు మాత్రం విడతల్లో, గ్రూపులవారీగా వచ్చేది. అది వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని, పాములను తప్పించుకుంటూ బావికాడికి పోయి మోటరు వేయాలి.

ఆ బాధకు విరుగుడు ఆటో స్టార్టర్. చిన్న డబ్బా. మూడు ఫేజులూ రాగానే మోటరు తానే వేస్తుంది. రైతు మంచంలో, నీళ్లు మడిలో.

ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. మోటరు లేచేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. చేత్తో వేసే రోజుల్లో ఒకాయన చుట్ట ముట్టించి, ఇంకొకాయన చెప్పులు వెతుక్కుని, ముందూవెనకా వచ్చేవారు. ఆ బద్ధకమే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఊపిరి. డబ్బాలొచ్చాక మోటర్లన్నీ పెళ్లిబంతికి ఎగబడ్డట్టు ఒక్కసారే లేచేవి. ఫ్యూజు టప్.

విడివిడిగా మంచివే, కలిస్తే తగువు. ఇలాంటిదాన్నే టెలిఫోన్ ఇంజినీర్లు ‘ఫీచర్ ఇంటరాక్షన్’ అంటారు. ఫోన్ బిజీగా ఉంటే కాల్ వెయిటింగ్ ‘నేను లైన్లో ఉంచుతా’ అంటుంది, కాల్ ఫార్వర్డింగ్ ‘నేను వేరే నంబరుకు పంపుతా’ అంటుంది. ఇద్దరూ మంచి కోడళ్లే, పొయ్యి ఒక్కటే.

అసలు కథ 2018 జనవరి 1న మొదలైంది. తెలంగాణ అంతటా వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. సుమారు 23 లక్షల పంపుసెట్లు. పండగే! అప్పుడు బయటపడింది గుట్టు: ఆటో స్టార్టర్‌కు వేయడమే వచ్చు, ఆపడం రాదు. మరి ఇన్నాళ్లూ ఆపిందెవరు?

కరెంటు కోత.

ఊరంతా తిట్టిపోసిన ఆ కోతే మోటరుకు ఆఫ్ స్విచ్. దాన్ని ఏ ఇంజినీరూ గీయలేదు, ఏ మెకానిక్కూ బిగించలేదు. కోత పోయింది, స్విచ్చూ పోయింది. బిల్లు రాదు కనుక గుర్తుచేసే దిక్కూ లేదు. మడి నిండి, ఒడ్డు దాటి నీళ్లు బాట మీదికి. అడుగున రాతినేల, బోరులో ఉన్నదే ఉన్నది. కాకతీయుల పాకాల చెరువుకు నీళ్లు వదలడానికి తూముంది, పొంగితే పోవడానికి అలుగుంది. పాపం డబ్బాకు ఒక్క తూమే.

ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం వేడుకుంది. హన్మకొండ కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బందీ ఊరూరా తిరిగారు. అప్పటి సంభాషణ ఇలా సాగి ఉంటుందని ఊహించుకోవచ్చు.

“కాకా, డబ్బ తీసినవా?”

“తీసిన కొడుకా. అగో, అటక మీద.”

“పారెయ్యకపోతివి?”

“పారేస్తె, రేపు మళ్ల కోతలస్తె రాత్రి బాయికాడికి నువ్వు పోతవా?”