కాలక్షేప భక్షణ నిగ్రహ శాస్త్రం

1. క్షేత్రాధికార నిర్ణయం

ఆకలికి తినేవాడికి వైద్యశాస్త్రమూ, రుచికి తినేవాడికి పాకశాస్త్రమూ ఉండగా, ఏమీ తోచక తినేవాడికి ఇంతవరకు శాస్త్రమే లేకపోవడం విద్వల్లోకానికి తలవంపులు. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ, 2024లో 17 మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. అది విధిశాస్త్రం, ఏది తినవలెనో చెబుతుంది. మనది నిమిత్తశాస్త్రం, చెయ్యి పొట్లంలోకి ఎందుకు పోయిందో విచారిస్తుంది.

ఈ శాస్త్రానికి క్షేత్రం అమీర్‌పేట మైత్రీవనం మొదలు పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి ద్వారం వరకు. ఉత్తమాధికారి ఒక బ్యాచ్ ముగిసి మరొకటి మొదలుకాని కోచింగ్ విద్యార్థి. మధ్యమాధికారి కోర్సు ముగిసి ఇంటర్వ్యూ పిలుపు రాని హాస్టల్‌వాసి. అధమాధికారి మధ్యాహ్నం మూడు గంటల ఉద్యోగి, ఏలయనగా అతనికి విసుగుతో బాటు జీతం కూడా ఉంది. నిమ్స్ ఆవరణలో రోగి కోసం కూర్చుని బిస్కెట్ కొరికేవాడు ఇక్కడ అధికారి కాడు. అతనిది విసుగు కాదు, భయం; దాని జోలికి ఏ శాస్త్రకారుడూ పోరాదు.

2. లక్షణం

'ఆకలి లేక తినుట' అన్న నిర్వచనం అతివ్యాప్తి దోషదుష్టం. పెళ్లిపంక్తిలో మొహమాటానికి వేయించుకున్న రెండో బూరె కూడా అందులో పడుతుంది. 'పని లేక తినుట' అంటే అవ్యాప్తి. జావా పాఠం సాగుతుండగా చివరి వరసలో పల్లీలు ఒలిచేవాడు తప్పించుకుపోతాడు. కనుక సిద్ధాంత లక్షణం ఇది: క్షుధ లేనివాడు, విసుగు నిమిత్తంగా, ఎక్కడ ఆపాలో నిశ్చయించుకోకుండా ఆరంభించిన భక్షణమే కాలక్షేప భక్షణం. మూడో విశేషణమే ప్రాణం. సమోసా ఒకటి తినదలచి ఒకటే తిన్నవాడు తిండిపోతు కావచ్చును గాని, ఈ శాస్త్రానికి పనికిరాడు.

3. ద్రవ్యభేదం

సశబ్దం, నిశ్శబ్దం, సతైలం అని ద్రవ్యం త్రివిధం. చేగోడీ, జంతిక, కారప్పూస సశబ్దాలు, అరటిపండు నిశ్శబ్దం, మిర్చి బజ్జీ, పునుగు సతైలాలు. నూనె పీల్చే పత్రికాఖండం ద్రవ్యమా, పాత్రయా అన్న చర్చ విస్తరభీతిచేత వదిలివేయబడింది.

ఇరానీ చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ మాత్రం వదలదగినది కాదు. ముంచకముందు అది భక్ష్యం. ముంచి తీసిన క్షణాన లేహ్యం. ఒక క్షణం ఆలస్యమై విరిగి అడుగుకు చేరినదో, పానీయం. ఒకే పదార్థం మూడు అవస్థలు పొందినప్పుడు భోక్తకు దోషం ఒకటా, మూడా? ఒకటేనని అమీర్‌పేట మతం. మూడని పంజాగుట్ట మతం. చెంచా అడిగి అడుగున ఉన్నదాన్ని తీస్తే నాలుగు.

4. హస్తవాదం

దోషం జిహ్వదని పూర్వపక్షం. అది నిలవదు. 2011లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పండితులు సినిమాహాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం నాటి పాచిది ఇవ్వగా, అక్కడ తినడం గట్టిగా అలవాటైనవారు రెండింటినీ ఒకే తీరున ఆరగించారు. రుచి సాక్షిగా వచ్చి కూడా వాదంలో గెలవలేదన్నమాట.

2014లో ప్రకటితమైన వర్జీనియా ప్రయోగం మరింత బలీయం. పదిహేను నిమిషాలు గదిలో ఒంటరిగా ఆలోచిస్తూ కూర్చోమంటే, 18 మంది పురుషుల్లో 12 మంది, 24 మంది స్త్రీలలో ఆరుగురు మీట నొక్కి తమకు తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. ఆ గదిలో చేగోడీల పొట్లం ఉన్నట్లయితే మీట తుప్పుపట్టి ఉండేదని అనుమాన ప్రమాణం. దోషం చేతిదే.

5. నిగ్రహోపాయాలు

వామహస్త సంప్రదాయం పై పాప్‌కార్న్ గ్రంథంలోనిదే: అలవాటైన చెయ్యి కాక రెండోదానితో తినమన్నప్పుడు వారు పాచిదాన్ని తగ్గించారు. ఈ ఉపాయానికి కాలిఫోర్నియాలో లేని అదనపు బలం తెలుగునాట ఉంది. ఎడమచేత్తో జంతిక నోట్లో పెట్టుకున్నవాణ్ణి పక్కింటి పెద్దావిడ కూడా ఆపి మందలించగలదు.

దూరవాదులు డబ్బాను అటకమీద పెట్టమంటారు. కుర్చీ ఉన్న గదుల్లో ఈ మతం చెల్లదు.

మెట్రోవాదులు గణనీయులు. రైల్లో తినుట నిషిద్ధం గనుక, విసుగు అంకురించగానే అమీర్‌పేటలో రైలెక్కవలెనని వారి మతం. అది రెండు మార్గాల కూడలి కావడంతో వారిలోనూ చీలిక వచ్చింది. ఎర్ర మార్గంవారిది స్వల్పనిగ్రహం. తర్వాతి స్టేషనే పంజాగుట్ట, ఒక ఆవులింతకు చాలు. నీలి మార్గంవారు నాగోలు దాకా ఉపవసించి, మెట్లు దిగిన చోట బజ్జీల బండి ఉండదనడానికి ప్రమాణమేమిటన్న ఆక్షేపణకు నేటికీ సమాధానం చెప్పలేదు.

6. ప్రాయశ్చిత్తం

సొంత పొట్లం ముగించినవాడు రాత్రి భోజనంలో పెరుగన్నం మానవలెను. గదిలోనివాడికి ఊరినుంచి వచ్చిన డబ్బాలో చెయ్యి పెట్టినవాడు మరునాడు చాయ్ డబ్బులు తానే ఇవ్వవలెను. డబ్బా యజమాని బ్యాచ్ నుంచి తిరిగివచ్చేలోపు మూత బిగించి ఉంచితే ద్విగుణం. మిగిలినవాటిని కదిపి డబ్బా నిండుగా కనిపించేట్టు సర్దితే త్రిగుణం.