మదర్‌బోర్డు మార్చిన పాపానికి

మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల గారికి,

బేగంపేటలో చదువుకున్న పిల్లవాడు లోకంలోని కంప్యూటర్లకు పెద్దదిక్కయ్యాడని ఈ ఊరు ఇప్పటికీ చెప్పుకుని మురిసిపోతుంది. ఆ చనువుతోనే ఉప్పల్, నాచారం వైపు నుంచి తమకో చిన్న మనవి. పాత డెస్క్‌టాప్‌లో బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మార్చి, డిస్కు మాత్రం పాతదే బిగిస్తే విండోస్ 10 బుద్ధిగా లేస్తుంది. లెక్కలు రాసే ట్యాలీ తెరుచుకుంటుంది, ప్రింటర్ పలుకుతుంది, ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. కాసేపటికో మర్నాటికో తెర మీద కుడివైపు అడుగున బూడిదరంగు అక్షరాలు తేలతాయి, విండోస్‌ను యాక్టివేట్ చేసుకోమని. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ట్రబుల్‌షూట్ నొక్కి, ఈ మధ్యే హార్డ్‌వేర్ మార్చానన్న లింకు పట్టుకుంటే చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి, చాలాసార్లు కుదరదనే తేలుస్తాయి. అదే మనిషి, అదే బల్ల, అదే డిస్కు, డబ్బు కట్టి కొన్న లైసెన్సు. ఇందులో దొంగతనం ఎక్కడుందండీ?

మీ రూలు మాకు తెలియక కాదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సుకు మదర్‌బోర్డే ప్రాణమట. ర్యామ్ మార్చుకోవచ్చు, డిస్కు మార్చుకోవచ్చు, కార్డులు మార్చుకోవచ్చు. బోర్డు మార్చారో, అది మీ లెక్కలో కొత్త కంప్యూటర్. పాడైన బోర్డుకు బదులు తయారీ కంపెనీ అదే రకం బోర్డు వేస్తే మాత్రం పోనీలే అంటారు. 2015 నాటి ఆరో తరం ఇంటెల్ బోర్డును ఇప్పుడు ఏ కంపెనీ కొత్తగా చేసి ఇస్తుంది? పైగా విండోస్ 8 కాలం నుంచి పెద్ద బ్రాండ్ల మెషీన్లలో ప్రొడక్ట్ కీ స్టిక్కర్ మీద ఉండదు, బోర్డు మీది బయాస్ చిప్‌లోనే ఉంటుంది. కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు కాలిందా, కీ కూడా దాంతోపాటే స్క్రాపు సంచిలోకి పోయినట్టే. ఆటో ఇంజిన్ మార్చుకున్నవాడు ఉప్పల్ ఆర్టీఏకు వెళ్తే ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించి పంపిస్తారు గానీ, బండి మారింది కాబట్టి మళ్లీ కొత్త ఆటో కొనుక్కో అనరు. ఆర్టీఏ ఆఫీసును ఆదర్శంగా చూపించే రోజు వస్తుందని మేమూ అనుకోలేదు.

అసలు మంట ఇక్కడ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేశారు. విండోస్ 11కి రమ్మన్నారు. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలన్నారు. ఎనిమిదో తరం ప్రాసెసర్‌ను ఆరు, ఏడు తరాల బోర్డులో కూర్చోబెడదామంటే, సాకెట్ పేరు 1151 అని ఒకటే అయినా, అది పని చేయదు. అంటే బోర్డు మార్చి తీరాలి. బోర్డు మార్చకపోతే కొత్త విండోస్ రాదు, మారిస్తే పాత విండోస్ హక్కు పోతుంది. రెండు తీర్పులూ మీవే. కనీసం ఒకదాన్నొకటి చదువుకోవద్దా?

భద్రత కోసమంటారు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటే సరే, మంచిదే. కానీ ఆరు, ఏడు తరాల బోర్డుల్లో చాలావాటికి బయాస్‌లో పీటీటీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే అదీ వస్తుంది. ఇక ఏడో తరంలో మీరు కరుణించిన కొన్ని చిప్పుల్లో ఐ7-7820హెచ్‌క్యూ ఒకటి. అది ఉన్నది ఎందులో? మీరే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో. భద్రత మీ ఇంటి గడప దగ్గర కాస్త మెత్తబడిందన్నమాట.

పైరసీని ఆపాలి కదా అంటారు. బూడిదరంగు అక్షరాలు ఏ పైరసీవాడిని ఆపాయి? వాడి తెర మీద అవి కనిపించనే కనిపించవు. కనిపించేది బిల్లు దాచుకున్నవాడికి. ఓఈఎం చవక, బోర్డు మార్చుకోవాలంటే ఖరీదైన రిటైల్ లైసెన్సు కొనాల్సింది అని మరో మాట. చవకగా ఇచ్చారు కాబట్టి ఒక్క మెషీన్‌లోనే వాడమనండి, న్యాయమే. పాత బోర్డు చచ్చాక వాడుతున్నది ఒక్క మెషీనే కదా. లైనక్స్ పెట్టుకోమనేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఆ డిస్కును కొత్త బోర్డుకు తగిలిస్తే చాలావరకు మారుమాట లేకుండా లేస్తుంది. కానీ నాచారం ఐడీఏ షెడ్డులో లెక్కలు రాసే మనిషికి ట్యాలీ కావాలి, అది విండోస్ మీద నడిచే సరుకు. విచిత్రమేమంటే ఇంజనీరింగ్ పరంగా మీవాళ్లు ఈ చిక్కు ఎప్పుడో తీర్చేశారు. ఎక్స్‌పీ రోజుల్లో బోర్డు మారిస్తే నీలి తెరే గతి. ఇప్పుడు విండోస్ తనంతట తానే డ్రైవర్లు వెతుక్కుంటుంది. 1998 నుంచి ఈ నగరంలోనే మీ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. దారి సాఫు చేసింది ఇంజనీర్లు, గేటు వేసింది లైసెన్సు రాసినవాళ్లు.

సరే, వెటకారం మానేస్తాం. కొత్త విండోస్ ఊరికే ఇమ్మనడం లేదు, పాతదాన్ని శాశ్వతంగా మోయమనడం లేదు. వారంటీ తీరిన మెషీన్‌కు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బోర్డు మారినా లైసెన్సు నిలిచేలా చూడండి. హార్డ్‌వేర్ మార్చానన్న ఆ లింకు ఇప్పటికే మీ సెట్టింగ్స్‌లో ఉంది. అది ఓఈఎంకు కూడా పనిచేసేలా చూడండి చాలు. కంప్యూటర్ కొనడానికే చీటీ ఎత్తుకునే ఇళ్లు ఇటువైపు చాలా ఉన్నాయి సార్.

ఇట్లు,
పాత సీపీయూ డబ్బాలవాళ్లు,
ఉప్పల్ – నాచారం.

తా.క.: 2026 అక్టోబరు 13 దాకా విండోస్ 10కి సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలంటే మాకు 30 డాలర్లు, లేదా 1000 రివార్డు పాయింట్లు, లేదా సెట్టింగ్స్ అన్నీ మీ క్లౌడ్‌లో పెట్టడం. యూరప్ వాళ్లకు మాత్రం ఆ షరతులు సడలించారు. మేమేం తక్కువ చేశాం? అలాగే ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని ర్యామ్ ధర కొండెక్కింది, దాని సంగతీ చూడండి.