మీ కంప్యూటర్ చల్లబడకుండా తగు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇప్పుడు రోళ్లు ఎవరిళ్లలో ఉన్నాయి గనక? ఆ బాధ్యత డెస్క్‌టాప్ కంప్యూటర్లే తీసుకోవాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవారికి సగం పని ఎండే చేసిపెడుతుంది. ఫ్యాన్లు లాగేది గదిలో గాలినే కాబట్టి, గది 40 డిగ్రీలుంటే డబ్బా లోపల అంతకు మించే ఉంటుంది తప్ప ఒక్క డిగ్రీ తగ్గదు. మిగతా ఊళ్లవాళ్లు కాస్త శ్రమపడాలి. ఈ సూచనలు వారి కోసం.

మొదట చోటు చూసుకోండి. కంప్యూటర్ టేబుల్ చేసిన వడ్రంగి కింద తలుపున్న అర ఒకటి పెట్టే ఉంటాడు. సీపీయూను అందులోకి తోసి, వీపు గోడకు ఆనేదాకా నెట్టి, తలుపు వేసేయండి. వెనక ఫ్యాను వదిలిన వేడిగాలి గోడకు తగిలి, అరంతా తిరిగి, ముందునుంచి మళ్లీ లోపలికే వెళ్తుంది. మన డబ్బులతో పుట్టిన వేడి పరాయిపాలు కాదు. అలాంటి అర లేకపోతే నేల మీద, చీపురుకు అందేలా పెట్టండి. ఈ మధ్య క్యాబినెట్లలో కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ అడుగునే ఉండి కింది నుంచి గాలి పీలుస్తుంది. దుమ్ము దానికి నేరుగా అందుతుంది. కింద మందపాటి కార్పెట్ పరిస్తే ఇంకా మేలు. క్యాబినెట్ పొట్టి కాళ్లు అందులో కూరుకుపోయి కింది కంత పూర్తిగా మూసుకుంటుంది. పైన అత్తగారు అల్లిన లేసు గుడ్డ కప్పడం మరవకండి. పై కంతలు ఇచ్చింది అందుకే కదా!

క్యాబినెట్ ఇంకా కొననివారు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే షాపుల ముందు వరసగా నిలబెట్టి ఉంటాయి. ముందువైపు జాలీ ఉన్నదాన్ని చూపించి "సార్, దీన్లో గాలి బాగా ఆడుతుంది" అని కుర్రాడు చెప్పబోతాడు. వినకండి. ముఖమంతా అద్దం ఉన్నదే తీసుకోండి. అద్దం వెనక మూడు ఫ్యాన్లు రంగురంగుల్లో వెలుగుతూ తిరుగుతాయి. వాటికి దొరికేది పక్క చీలికలోంచి దూరినంత గాలే. చాలక అవి మరింత జోరుగా తిరుగుతాయి, ఆ హోరు హాల్లో ఉన్నవాళ్లకు కూడా వినిపిస్తుంది. పెద్ద కంప్యూటరే కొన్నారని చుట్టాలు అనుకుంటారు.

ఇక అసలు విద్య, ఫ్యాన్లు బిగించడం. 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. ఒకవైపు రెక్కలకు అడ్డేమీ ఉండదు. రెండోవైపు మోటారును పట్టుకున్న ప్లాస్టిక్ పుల్లలు, మధ్యలో ఓ స్టిక్కరు ఉంటాయి. గాలి అడ్డు లేనివైపు నుంచి దూరి పుల్లలవైపు నుంచి బయటికొస్తుంది. కొన్నిటికి అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. ఆ చాదస్తమంతా మనకెందుకు? ఏ వైపు అందంగా ఉందో ఆ వైపు బయటికి కనిపించేలా బిగించేయండి. వెనక ఫ్యాను కూడా లోపలికే ఊదడం మొదలుపెడుతుంది. ముందునుంచి వచ్చే గాలీ, వెనకనుంచి వచ్చే గాలీ ప్రాసెసర్ దగ్గర ఎదురెదురుగా ఢీకొని, ఎటూ పోలేక అక్కడే సుడి తిరుగుతాయి.

ముందు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి అనే పాత లెక్క చాలా ఇళ్లకు సరిపోతుందని తెలిసినవాళ్లు చెబుతారు. లోపలికొచ్చేది బయటికి పోయేదానికన్నా కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికే తంతుందట, దుమ్ము చాలావరకు ఫిల్టర్ దగ్గరే ఆగుతుందట. దుమ్ము మీద మమకారం ఉన్నవారు దీన్ని తిరగేయాలి. అన్ని ఫ్యాన్లనీ బయటికి ఊదించండి. యూఎస్‌బీ కంతలూ, స్లాటు రేకు ఊడిపోయిన చోట్లూ అన్నీ గాలి పీల్చుకునే దారులే అవుతాయి. ఆ రేకు పోయిన కంతలో బొద్దింక కాపురం పెడితే అది అదనం.

ప్రాసెసర్ మీద బిగించే హీట్‌సింక్ అడుగున పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. బిగించేముందు పీకెయ్యమని దాని మీదే రాసి ఉంటుంది. కొన్న సోఫాకు పదేళ్లయినా కవరు తీయని వంశం మనది, దీన్నెందుకు తీస్తాం? థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలంటారు గానీ, పెళ్లి విందులో కొసరి వడ్డించే చేయి అంతటితో ఆగుతుందా? ఉన్నవాళ్లు ఆర్‌టీఎక్స్ 4090 లాంటి గ్రాఫిక్స్ కార్డు కూడా పెట్టించండి. అదొక్కటే 450 వాట్ల దాకా లాగుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి ఆ డబ్బాలోకే చేరుతుంది.

ఇన్ని చేశాక ఫలితం కనిపించాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు, రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95 డిగ్రీలు హద్దు. అక్కడికి రాగానే కాలిపోకుండా ఉండటానికి అవే వేగం తగ్గించుకుంటాయి. మీకు మాత్రం "సిస్టమ్ స్లో అయింది" అనే అనిపిస్తుంది. వెంటనే ఫార్మాట్ కొట్టించండి. తగ్గకపోతే ర్యామ్ పెంచండి. అదీ కుదరకపోతే వైరస్ అని తేల్చేయండి. ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. పక్క డోరు విప్పి కాసేపు నడిపి చూడటం అనే పరీక్ష ఒకటుంది. డోరు తీయగానే బాగా చల్లబడితే క్యాబినెట్‌లో గాలి ఆడటం లేదని బయటపడిపోతుంది. అందుకే అదీ వద్దు.

శుభ్రం సంగతంటారా, ఏటా దసరాకు ఆయుధ పూజ చేస్తాం కదా. ముందు జాలీ మీదే పసుపూ కుంకుమా దట్టంగా పెట్టి, ఎదురుగా సాంబ్రాణి వేయండి. ఫ్యాన్లే ప్రసాదం లోపలికి తీసుకుంటాయి. తర్వాత ఎవరైనా బ్లోయర్ తెచ్చి దుమ్ము దులుపుతుంటే ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోనివ్వకండి. ఈలవేస్తూ గిర్రున తిరగనివ్వండి, బేరింగు పోయేదాకా.

ఇదంతా చేసే ఓపిక లేదంటారా? అయితే కరెంటు ఆపి, ముందున్న డస్ట్ ఫిల్టర్ ఊడదీసి, కుళాయి కింద కడిగి, తడి పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టండి. సీపీయూను గోడకు జానెడు ముందుకు జరపండి. ఈ రెండిటికీ పైసా ఖర్చు లేదు.