పిల్లి బారసాలకు వకాల్తా

సిలిగురి సఫారీ పార్కుకు త్రిపుర నుంచి రెండు సింహాలొచ్చాయి. మగదాని పేరు అక్బర్, ఆడదాని పేరు సీత. ఆ రెండూ ఏం తింటున్నాయో ఎవరికీ పట్టలేదు గానీ, పేర్లు మాత్రం కలకత్తా హైకోర్టు దాకా నడిచాయి. విశ్వ హిందూ పరిషత్ పిటిషన్ వేసింది. దేవుళ్ల పేర్లు, స్వాతంత్ర్య యోధుల పేర్లు, నోబెల్ గ్రహీతల పేర్లు జంతువులకు పెడతారా అని న్యాయమూర్తి అడిగి, వేరే పేర్లు చూసుకోమన్నారు. త్రిపుర ప్రభుత్వం అటవీ శాఖ పెద్దాఫీసరును సస్పెండ్ చేసి చేతులు దులుపుకుంది.

సింహానికే ఈ గతి పడితే పిల్లి మాటేమిటి?

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారింట్లోకి గోడ దూకి ఓ పిల్లికూన వచ్చిందనుకుందాం. సాహిత్యం పాఠాలు చెప్పిన మనిషి, పింకీ అని పిలవలేడు. ముందు గిరీశం అన్నాడు. పరాయి పంచన చేరి, నాలుగు తీపి కూతలతో పాలగిన్నె కొట్టేసే ప్రాణికి అంతకన్నా అతికే పేరు తెలుగులో లేదు. కానీ గురజాడ అభిమాన సంఘాలు ఊరుకుంటాయా? కన్యాశుల్కం అచ్చయింది 1897లో అయినా, మనోభావాలకు కాలదోషం పట్టదు. పోనీ మధురవాణి అందామంటే మాస్టారి భార్య ఒప్పుకోలేదు. ఆ కోర్టు మీద అప్పీలు లేదు.

దీర్ఘకర్ణుడు? అది పిల్లికి పిల్లి పేరే. హితోపదేశంలో ఈ పిల్లి చాంద్రాయణ వ్రతం పట్టానని చెప్పి ముసలి గద్దను నమ్మించి, పక్షిపిల్లల్ని తిని, ఎముకలు దాని తొర్రలోనే వదిలి పారిపోతుంది. శిక్ష గద్దకు పడుతుంది. ఎన్నికల ముందు రోజుల్లో అయితే మరీనూ. మాస్టారు వీధిలో నిలబడి ఆ పేరు గట్టిగా పిలిస్తే నియోజకవర్గానికి ఇద్దరేసి నాయకులు భుజాలు తడుముకుంటారు.

విదేశీ సాహిత్యమూ ఆదుకోలేదు. ఎలియట్ లెక్కలో ప్రతి పిల్లికీ మూడు పేర్లుండాలి. అంటే మూడు పిటిషన్లు. పైగా ఆయన నోబెల్ గ్రహీత కూడాను. మార్క్ ట్వేన్ పిల్లుల్లో ఒకదాని పేరు జొరాస్టర్, సాక్షాత్తు ఒక ప్రవక్త పేరు. ఆ మహానుభావుడు అమెరికాలో పుట్టి బతికిపోయాడు. చివరికి మాస్టారు సలహా అడిగిన లాయరుగారు జపాన్ రచయిత సోసెకిని చూపించారు. 1905లో మొదలైన ఆయన ‘నేను పిల్లిని’ నవలలో కథ చెప్పే పిల్లికి ఆఖరిదాకా పేరే ఉండదు. చట్టరీత్యా అదొక్కటే క్షేమం.

మాస్టారు ఊపిరి పీల్చుకుని పెరట్లోకి వెళ్తే అక్కడ సీతాఫలం చెట్టు. దాని మీద సీతాకోకచిలుక. దాన్ని పట్టబోతూ పేరులేని పిల్లి. ఇది సివిల్ కేసు కాదు, క్రిమినలే!

అక్బర్ తోబుట్టువులు అమర్, ఆంథోనీ అని పత్రికలు రాశాయి. అంటే ఆ జూలో ఎవరో ఈ మూడు పేర్లూ ఉన్న 1977 నాటి సినిమాను తలుచుకుని, నవ్వుకుంటూ పెట్టిన పేర్లవి. అసలు పేర్ల విషయంలో కోర్టుకెక్కాల్సింది సింహాలు. అడక్కుండానే వాటి పేరు తీసుకుని మనం నరసింహాలమయ్యాం, సింహాచలాలమయ్యాం. సైమన్ కమిషన్ నాడు తుపాకీకి గుండె చూపిన టంగుటూరిని ఆంధ్రకేసరి అంటే అవి ఒప్పుకుంటాయి. ఫ్లెక్సీల మీది మిగతా సింహాల గురించి వాటి అభిప్రాయం ఎవరూ కనుక్కోలేదు.

సింహాల మీద ఈ దేశంలో ఇంకో కోర్టు తీర్పుంది. అన్నీ ఒక్క గిర్‌లోనే ఉంటే ఏదో ఒక రోగం తుడిచిపెట్టేస్తుందన్న భయంతో, కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి ఆరు నెలల్లో తరలించమని 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. గుజరాత్ ఇవ్వలేదు. 2018లో కుక్కల నుంచి సోకే డిస్టెంపర్ వైరస్ గిర్‌లో జొరబడింది. కొద్ది వారాల్లో ఇరవైకి పైగా సింహాలు చచ్చాయి. అప్పుడు ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. ఆ కళేబరాలకు ఏ పేర్లున్నాయని ఎవరూ అడగలేదు. పేరు మార్చమనడానికి కొద్ది రోజులు చాలాయి. ప్రాణం కాపాడే తీర్పుకు పదేళ్లు చాలలేదు. సిగ్గుపడాల్సింది జూ రిజిస్టరు రాసిన గుమస్తా కాదు.

2022లో కూనోకు నమీబియా నుంచి విమానంలో చీతాలొచ్చాయి. వాటిలో ఒకదానికి ప్రధానమంత్రే ఆశ అని పేరు పెట్టారు. గిర్ నుంచి మాత్రం ఈ రోజుకీ ఒక్క సింహం అక్కడికి చేరలేదు.