ఏకగ్రీవం జిందాబాద్!

2023 మే నెలాఖరు. పారిస్‌లో యునెస్కో భవనం. ప్లాస్టిక్ పీడ వదిలించే ఒప్పందం రాద్దామని ప్రపంచ దేశాల ప్రతినిధులు ఐదు రోజుల సమావేశానికి దిగారు. మొదటి రెండు రోజులూ ప్లాస్టిక్ మీద చర్చే మొదలు కాలేదు. గొడవంతా చర్చల నియమావళిలోని 38వ నిబంధన మీద. అందులో ఉన్నదేమిటయ్యా అంటే, అందరూ ఒక మాట మీదకు రావడానికి శాయశక్తులా ప్రయత్నించాలి. దారులన్నీ మూసుకుపోతే ఓటింగ్ పెట్టి మూడింట రెండొంతుల మెజారిటీతో తేల్చాలి. ఇంత మామూలు వాక్యం సౌదీ అరేబియాకు, ఇరాన్‌కు, రష్యాకు, చైనాకు, మనకూ మింగుడు పడలేదు. ఓటింగ్ మాటెత్తొద్దు, ఏకాభిప్రాయమే శరణ్యం అన్నారు. చివరకు మహాసభ ఒక నిర్ణయానికి వచ్చింది: ఈ నిబంధన మీద మనకు ఏకాభిప్రాయం లేదని రికార్డులో రాసుకుందాం. దీనికి మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది.

ఏకగ్రీవాల గురించి తెలుగువాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పంచాయతీ ఎన్నికలొస్తే ఏకగ్రీవానికి సర్కారు నజరానా ప్రకటిస్తుంది. కొన్ని ఊళ్ళలో సర్పంచి పదవిని వేలం వేసి, పాడిన సొమ్ము గుడికి జమ చేస్తారు. నామినేషన్ వేద్దామనుకున్నవాణ్ణి రాత్రికి రాత్రి ‘ఒప్పిస్తారు’. తెల్లారేసరికి ఊరంతా ఒక్క మాట మీద ఉందని పేపర్లో ఫొటో. ఐక్యరాజ్యసమితి పెద్దలు చేసేదీ అదే. కాకపోతే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆరు భాషల్లో చేస్తారు.

వాతావరణ సభల సంగతి ఇంకా ముచ్చటైనది. 1992లో రియోలో వాతావరణ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1995లో బెర్లిన్‌లో మొదటి సభ, అధ్యక్షురాలు అప్పటి జర్మనీ పర్యావరణ మంత్రి ఆంగెలా మెర్కెల్. సభ నడిపే నియమావళి ముసాయిదాలో 42వ నిబంధన ఓటింగ్ గురించి. చమురు దేశాలు అడ్డం కూర్చున్నాయి. అంతే, నియమావళి ముసాయిదాగానే మిగిలింది. అప్పటి నుంచి ప్రతి సభలోనూ ‘42 తప్ప తక్కినవన్నీ పాటిద్దాం’ అనుకుని పని మొదలుపెడతారు. సభలు ముప్పై పూర్తయ్యాయి. ఓటింగే ఆఖరి అస్త్రంగానైనా ఉండాలని 2011లో పాపువా న్యూగినీ, మెక్సికో పెట్టిన ప్రతిపాదన ఏళ్ళ తరబడి ఎజెండా కాగితాల్లో నానింది. తన నిర్ణయాలు ఎలా తీసుకోవాలో నిర్ణయించుకోలేని సభ భూగోళం ఎన్ని డిగ్రీలు వేడెక్కవచ్చో నిర్ణయిస్తుంది, మనం ఆశగా టీవీలు చూస్తాం.

ఏకాభిప్రాయం అంటే అందరి అభిప్రాయం అనుకునేరు! కాదన్నది ఎవరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2010లో కాంకున్‌లో బొలీవియా ప్రతినిధి పాబ్లో సొలోన్ ఈ ఒప్పందం మాకు సమ్మతం కాదని గొంతు చించుకున్నాడు. ఏకాభిప్రాయమంటే ఒక్క దేశానికి వీటో ఇవ్వడం కాదంటూ అధ్యక్ష స్థానంలోని మెక్సికో విదేశాంగ మంత్రి ఆమోదమైపోయిందని బల్ల మీద సుత్తి కొట్టేసింది. రెండేళ్ళకు దోహాలో రష్యాకూ అదే మర్యాద దక్కింది. అయితే రష్యా బొలీవియా కాదు కదా. 2013 జూన్‌లో బాన్‌లో బెలారస్‌నూ ఉక్రెయిన్‌నూ వెంటేసుకుని (అవును, అప్పట్లో ఇద్దరూ ఒకే పక్షం) సభా మర్యాదల మీద చర్చ పెట్టాల్సిందేనని భీష్మించింది. ఒక అనుబంధ కమిటీ ఎజెండా కూడా ఖరారు చేసుకోలేక రెండు వారాలూ కుర్చీలకే పరిమితమైంది.

2023లో దుబాయ్. అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్, అబుధాబి ప్రభుత్వ చమురు కంపెనీకి ఆయనే అధిపతి. ఆఖరి సభ మొదలైందో లేదో సుత్తి పడింది, నిర్ణయం ఆమోదం పొందింది. సముద్రంలో మునిగిపోయే చిన్న ద్వీప దేశాల ప్రతినిధులు అప్పటికి హాల్లోకే రాలేదు. మేం లేకుండానే ముగించేశారే అని వాళ్ళ తరఫున సమోవా ప్రతినిధి ఆన్ రాస్ముసెన్ నిలదీసింది. సభ్యులు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. నిర్ణయం మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

మరుసటేడు బాకూలో మన వంతు. పేద దేశాలకు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్న తీర్మానం మీద మాట్లాడతామని భారత ప్రతినిధి అడుగుతూనే ఉన్నారు, సుత్తి పడనే పడింది. ఆమోదించాక మైకు ఇచ్చారు. ఇది కనికట్టు అని ఆమె కడిగిపారేశారు. న్యాయమైన కోపమే. ఆ సభ ముగిసింది నవంబరు 24న. 25న బూసాన్‌లో ప్లాస్టిక్ చర్చలు మొదలయ్యాయి. అక్కడ మన దేశం ఏ సూత్రం పట్టుకుందో ఊహించారా? ఏకాభిప్రాయం! నిన్న తన మెడకు తగిలిన సుత్తినే ఇవాళ పూజలో పెట్టింది.

పేద దేశాల అభివృద్ధి హక్కు కాపాడటానికే ఈ పట్టు అని మనవాళ్ళు చెబుతారు. లెక్కపెట్టి చూడండి: ప్రపంచ దేశాల్లో ఎక్కువ భాగం పేదవీ, చిన్నవీ. తలలు లెక్కిస్తే గెలిచేది వాళ్ళే. బూసాన్‌లో ప్లాస్టిక్ ఉత్పత్తికి కళ్ళెం వేయాలన్నవి వందకు పైగా దేశాలు. లెక్కంటే భయం ఎవరికో విడమర్చి చెప్పాలా? ప్లాస్టిక్ దాదాపు మొత్తం పుట్టేది చమురు, గ్యాస్, బొగ్గు నుంచే. 2019లో ప్రపంచం వాడింది 46 కోట్ల టన్నులు. వ్యర్థాల్లో మళ్ళీ వాడుకలోకి వచ్చేది తొమ్మిది శాతం.

ఏకాభిప్రాయ మహిమకు ఇంకో నిదర్శనం మన ఇంటి కప్పుల మీదే ఉంది. సిమెంటు రేకుల్లో వాడే తెల్ల ఆస్బెస్టాస్‌ను ప్రమాదకర పదార్థాల జాబితాలో చేర్చాలని రోటర్‌డామ్ ఒప్పందం నిపుణులు ఎప్పుడో తేల్చారు. నిషేధం కాదు సుమా, కొనే దేశానికి ముందుగా చెప్పి అనుమతి తీసుకుని పంపమనడమే. 2006 నుంచి ప్రతి సభలోనూ గుప్పెడు దేశాలు అడ్డుకుంటున్నాయి. అందులో రష్యా, కజకిస్తాన్ తవ్వి అమ్మేవి. కొనే మనమూ కొన్ని సభల్లో వాటి పక్కన చేరాం. విషం అమ్మేవాడు అడ్డుపడటంలో వింత లేదు, పీల్చేవాడికేం పోయేకాలం?

వేరే దారి లేక కాదు. ఓజోన్ పొర కోసం 1987లో మాంట్రియల్‌లో రాసుకున్న ఒప్పందంలో, నిషేధాల గడువులు బిగించడానికి ఏకాభిప్రాయం కుదరకపోతే ఓటింగ్ పెట్టొచ్చని ఉంది. నెగ్గినది అందరికీ వర్తిస్తుంది. ఆ ఓటింగ్ అవసరం ఇంతవరకూ రాలేదు. ఓటింగ్ ఉందని తెలిస్తే మొండివాడు కూడా బేరానికి దిగుతాడు.

ప్లాస్టిక్ చర్చలు 2025 ఆగస్టు 15 తెల్లవారుజామున జెనీవాలో కుప్పకూలాయి, ఇక్కడ మనం జెండా వందనానికి ముస్తాబవుతున్న వేళ. ఆ సమావేశానికి 234 మంది చమురు, రసాయన కంపెనీల లాబీయిస్టులు హాజరయ్యారని పర్యావరణ సంస్థలు లెక్కగట్టాయి. ఈ 234 మందిలో మాత్రం అభిప్రాయ భేదాలు వచ్చిన దాఖలా లేదు.

ఈసారి ఓట్లడగడానికి ఎంపీ గారు మీ వీధిలోకి వస్తే దండ వేయండి, హారతి పట్టండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం, ప్లాస్టిక్ దగ్గరకొచ్చేసరికి ఓటింగ్ వద్దని ఎందుకంటోందండీ?