ప్రాంప్టరు చిన్నాయన

పద్యనాటకం ఆడే ప్రతి ఊళ్లోనూ ఒక మనిషి ఉంటాడు. హరిశ్చంద్రుడు కట్టిందెవరో ఊరందరికీ తెలుసు. చంద్రమతి ఏ ఊరినుంచి వచ్చిందో, ఎంత పుచ్చుకుందో తెలుసు. హార్మోనిస్టు పేరు కరపత్రంలో పెద్దక్షరాల్లో పడుతుంది. మైకుసెట్టువాడి పేరు కూడా పడుతుంది, ఫోన్ నంబరుతో సహా. ఈ మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. వింగు పక్కన బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని, ఒక చేత్తో అట్ట ఊడిన పుస్తకం, ఇంకో చేత్తో టార్చిలైటు పట్టుకుని, తెల్లవారేదాకా అందరి మాటలూ అందరికీ అందిస్తుంటాడు. నెల్లూరు జిల్లా కలిగిరి చుట్టుపక్కల తిరణాళ్లలో ఆ పెట్టె మీద చాలాకాలం కూర్చున్నది మా చిన్నాయన.

ఆయన ఏనాడూ వేషం కట్టలేదు. గొంతు లేక కాదు, పద్యం రాక కాదు. అన్ని వేషాలూ నోటికొచ్చినవాడికి ఒక్క వేషం ఇస్తే మిగతావి ఏం కావాలన్నది ఆయన వాదన. ముఖానికి రంగు పూస్తే దద్దుర్లు లేస్తాయన్నది మా పిన్నమ్మ వాదన. నేను రెండూ నమ్ముతాను.

నాటకం మీద ఆయన తీర్పులన్నీ ఆ పెట్టె మీదినుంచి ఇచ్చినవే. మనం ఎదురుగా కూర్చుని చూస్తాం, ఆయన పక్కనుంచి చూశాడు. "పద్యం చివర రాగం లాగతా ఉంటే మీరు ఆహా అంటారు. వాడికి తరవాతి మాట గుర్తు రాలేదని నాకు తెలుసబ్బయా. నేను అందించిందాకా లాగతానే ఉంటాడు. ఆలోపల మీరు వన్స్ మోర్ అంటారు. ఆ వన్స్ మోర్ నాది." రాయబారానికి కాంట్రాక్టరు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని ఒకే రాత్రికి ముగ్గురిని దింపుతాడు కదా, ఆ ముగ్గురిలో ఎవరికి ఎక్కడ మతి తప్పుతుందో ఈయన దగ్గర లెక్క ఉండేది. కృష్ణుడు మారినప్పుడల్లా జనం లేచి టీ తాగొచ్చేవాళ్ళు. ఈయన లేచింది లేదు. "ముగ్గురు దేవుళ్ళు అలిసిపొయ్యారు, నేను అలవలా" అని చెప్పుకోవడం ఆయనకు ఇష్టం. చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించిన రోజున నాకు ఫోన్ చేసి, "స్టేజీ మీద ఆడకూడదు, సరే. ఇంట్లో నాలో నేను అందించుకుంటే కూడా కేసు పెడతారా?" అని అడిగాడు.

పెట్టె దిగాక ఆ అలవాటు ఆయన వెంటే ఇంటికి వచ్చింది. ఎదుటిమనిషి మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే చాలు, ఈయన దాన్ని మరుపు కింద జమకట్టి తరవాతి మాట అందిస్తాడు. కావలి నుంచి ఉదయగిరి పొయ్యే బస్సులో కండక్టరు "కలిగిరి, వింజమూరు..." అని ఆవలించేసరికి వెనక సీట్లోంచి "దుత్తలూరు" అని వినబడుతుంది. పెళ్ళిలో పురోహితుడు మంచినీళ్ళకని ఆగితే మంత్రం ఆగదు. ఒకసారి ఆస్పత్రిలో డాక్టరు పక్క మంచం ఆయన్ని ఎక్కడ నొప్పి అని అడిగాడు. ఆ మనిషి ఆలోచిస్తుండగానే మా చిన్నాయన "కుడిపక్క. రెండ్రోజులుగా. అన్నం సయించడం లేదు" అని అందించాడు. ఆ మనిషి అవునని తలూపి, మందులు రాయించుకుని వెళ్ళిపోయాడు.

చావింటికి వెళ్ళినా అంతే. శోకం పెడుతున్న ముసలమ్మకు మాట తెగి ఎక్కిళ్ళు వస్తుంటే, గోడవైపు తిరిగి మెల్లగా "చిన్నదాని పెళ్ళి కూడా చూడకుండా" అన్నాడు. ఏడుపు మళ్ళీ అందుకుంది. ఇదంతా కట్టుకథ అని మా పిన్నమ్మ అంటుంది. నేను ఆ అరుగు మీదే ఉన్నాను.

మొగుడూ పెళ్ళాల తగువుల్లో ఇద్దరికీ అందిస్తాడు. ప్రాంప్టరుకు పక్షం ఉండకూడదట, దుర్యోధనుడికీ ఇవ్వాల్సిందే, కృష్ణుడికీ ఇవ్వాల్సిందే. నేనూ మా ఆవిడా ఒక ఆదివారం మాటా మాటా అనుకుంటూ చివరికొచ్చి, ఇక ఆమెకు ఏమీ దొరకక నేను గెలిచేటట్టున్న సమయంలో, పేపరు చదువుతున్న చిన్నాయన తల ఎత్తకుండా "పోయిన ఉగాదికి వాళ్ళ నాయన్ని అన్నమాట" అన్నాడు. ఆ తరవాత జరిగింది రాయను. ఈ వ్యాసం మాత్రం ఆ ఉగాది బాకీ కిందే రాస్తున్నాను.

ఆయన కొలిచే దైవాలు సురభి నాటక సమాజం వాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి అనే పల్లెలో కీచకవధ ఆడి ఆ కుటుంబాలు మొదలుపెట్టిన కథ మా ఇంట్లో రామాయణం కంటే ఎక్కువసార్లు విన్నాం. తోలుబొమ్మలాడించే వాళ్ళు బొమ్మలు పక్కన పెట్టి తామే రంగు పూసుకున్నారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కట్టే రోజుల్లో వనారస గోవిందరావు తమ ఇంటి ఆడవాళ్ళనే స్టేజీ ఎక్కించాడు. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి వేసిన సురభి కమలాబాయి, తల్లి నాటకం ఆడుతుండగా స్టేజీ మీదే పుట్టిందని చెబుతారు. ఇక్కడికొచ్చాక చిన్నాయన ప్రతిసారీ ఒక్క నిమిషం ఆగిపోతాడు. ఆ నొప్పుల్లో ఆ మహాతల్లికి తరవాతి మాట ఎవరందించారా అని ఆయన దిగులు. సురభి నాగేశ్వరరావు గారికి, అదే బాబ్జీ గారికి, 2013లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు మా ఇంట్లో పాయసం వండించాడు.

"వాళ్ళు ఇంటిల్లిపాదీ ఆడతారు. మనం ఇంటిల్లిపాదీ లేమా?" అన్నది ఆయన ప్రశ్న. ఒక సంక్రాంతికి దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది. సురభి మాయాబజారులో నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, బాణాలు గాల్లోనే ఎదురెదురై మండుతాయి, స్టేజీ మీద వాన పడుతుంది. మాకు మబ్బులు లేవు గానీ ఇంటిముందు వేపచెట్టు ఉంది, బోరు మోటారు పైకి లాగే చైన్ పుల్లీ ఉంది. శశిరేఖ మా పిన్నమ్మ. అభిమన్యుడు ఆమె మనవడు, ఏడో తరగతి. ఘటోత్కచుడికి ఆరోజు వింజమూరులో క్రికెట్ మ్యాచి ఉండి రాలేదు. నారదుడు మా బావ. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, అప్పుడే అరిసెలు కూడా తిని ఉన్నాడు. ఆయన్ని కొమ్మమీదినుంచి సగం దించేసరికి గొలుసు బిగుసుకుపోయింది. కిందినుంచి చిన్నాయన "నారాయణ, నారాయణ" అని అందిస్తున్నాడు. పైనుంచి మా బావ అంటున్న మాటలు పుస్తకంలో లేనివి. ఊళ్ళో వాళ్ళందరూ వచ్చి చూశారు. జనం రాలేదనే లోటు ఆ నాటకానికి లేదు. చీకటి పడ్డాక బోరు మేస్త్రీ వచ్చి నారదుణ్ణి భూలోకానికి దించాడు.

అప్పటినుంచి ఆయన చూపు కొత్త తరం మీద పడింది.

మా రోజుల్లో విశ్వవిద్యాలయమంటే తిరుపతికి పోవాల్సిందే. 2008లో నెల్లూరుకే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడు ఎటు చూసినా విశ్వవిద్యాలయాలే. చిన్నాయన మనవరాలు వీటిలో దేన్లో చదివిందో చెప్పను. చెబితే గేటు దగ్గర ఈయన ఫోటో అతికిస్తారు. చలికాలం వచ్చేసరికి వీటన్నిటికీ యువజనోత్సవాల పూనకం వస్తుంది. కాలేజీల్లో నెగ్గి, విశ్వవిద్యాలయంలో నెగ్గి, జోన్‌లో నెగ్గి, జాతీయ స్థాయికి పోవాలి. విశ్వవిద్యాలయాలు నాటకాలాడించడం మనకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు కె.వి. గోపాలస్వామి వాల్తేరులో అంతర కళాశాల నాటక పోటీలు పెట్టిన కాలం నుంచీ ఉన్నదే. కాకపోతే ఇప్పుడు భారత విశ్వవిద్యాలయాల సంఘం నిబంధనల పుస్తకం ఒకటుంది. పాప దాన్ని తెచ్చి తాతకు చూపించింది. అదే తప్పు.

ఏకాంకిక 30 నిమిషాలు, నటులు తొమ్మిదిమంది, వాళ్ళకు తోడు ముగ్గురు. స్కిట్ 10 నిమిషాలు. మైమ్ 5 నిమిషాలు. చిన్నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "పది నిమిషాల్లో మా హార్మోనిస్టు శృతి చూసుకోను కూడా చూసుకోడే. ఐదు నిమిషాల నాటకం ఏందమ్మా, అంతసేపు హరిశ్చంద్రుడు వింగులో దగ్గతానే ఉంటాడు." పుస్తకమంతా వెతికాడు. లైట్లకు మనిషి ఉన్నాడు, సంగీతానికి ఉన్నాడు. ప్రాంప్టరు ఏ పేజీలోనూ లేడు.

దాంతో పాప ఆడే నాటకం రిహార్సళ్ళకు పోవడం మొదలుపెట్టాడు. డైరెక్టరు కుర్రాడు మొదట వద్దన్నాడు. "బి.వి. కారంత్ అంతటి డైరెక్టరు వచ్చి సురభి వాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళచేత భీష్మ ఆడించాడు. నువ్వు నా పక్కన కూర్చోలేవా?" అని చిన్నాయన అడిగితే, కారంత్ పేరు ఈ పంచెకట్టు మనిషి నోటినుంచి వినడంతో ఆ అబ్బాయి బిత్తరపోయి కుర్చీ వేశాడు. కుర్చీ వద్దన్నాడు. పెట్టె కావాలన్నాడు.

గొడవ భాష దగ్గర వచ్చింది. పిల్లల నాటకంలో మాటలన్నీ "యాడికి పొయినావ్మా", "ఏందే నీ యవ్వారం" అని ఉన్నాయి, అచ్చం మా వీధిలో వినబడేవే. చిన్నాయన మండిపడ్డాడు. స్టేజీ ఎక్కాక కూడా కలిగిరి బస్టాండులో మాట్లాడినట్టు మాట్లాడతారా అన్నాడు. పాప తెలుగు ఎం.ఏ. "తాతా, వేదం వెంకటరాయశాస్త్రి గారు 1897లోనే ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాడిచేత వాడి భాషే మాట్లాడించారు. నెల్లూరు సమాజం వాళ్ళు ఆయన నాటకాలు ఆడారు" అంది. వేదం వారి పేరు చెప్పాక నెల్లూరు జిల్లాలో ఎవరికీ ఎదురు చెప్పే వీల్లేదు. ఆయన మాట్లాడకుండా పుస్తకం తీశాడు. మర్నాటి నుంచి "యవ్వారం" అనేచోట పిల్లల్లో ఎవరన్నా "వ్యవహారం" అంటే ఆపి సరిదిద్దడం మొదలుపెట్టాడు.

పోటీల రోజున ప్రేక్షకుల్లోనే కూర్చుంటానని పిన్నమ్మ ముందు ఒప్పుకున్నాడు. కాపలాకు నన్ను పంపారు. మొదట మైమ్. ముఖాలకు తెల్లరంగు పూసుకున్న పిల్లలు మాటా పలుకూ లేకుండా అభినయిస్తున్నారు. చిన్నాయన ముందుకు వంగాడు. చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి ఆగింది, నోరు ఆగలేదు. "ఇప్పుడు ఏడువ్... కన్నీళ్ళు తుడుచుకో... కుడిచేత్తో, కుడిచేత్తో." మాటే లేని నాటకానికి మాట అందించిన మనిషి ఈ రాష్ట్రంలో ఇంకొకడు ఉంటాడనుకోను. స్టేజీ మీది కుర్రాడు ఎడమచెయ్యి ఎత్తబోయి, మధ్యలో మార్చుకుని, కుడిచేత్తోనే తుడుచుకున్నాడు. "చూసినావా?" అన్నట్టు ఈయన నావైపు తిరిగాడు.

తరవాత పాప ఏకాంకిక. కువైట్ పోయిన కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథ. మా పక్క పల్లెల్లో ఎవర్ని కదిపినా ఉండే కథే. తల్లి వేషం పాపదే. ఫోన్ మోగుతుంది, ఎత్తుతుంది, అవతల ఎవరో ఏదో చెబుతారు, ఆ తల్లి ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడిపోతుంది. ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్ల మీదే నాటకమంతా కట్టుకున్నారు. నెలరోజులు సాధన చేశారు, సెల్‌ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టుకుని మరీ. రిహార్సళ్ళలో ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా డైరెక్టరు కుర్రాడు ఈయన్ని టీకి పంపేవాడని నాకు తరవాత తెలిసింది.

హాలంతా ఊపిరి బిగబట్టింది. నిజం చెప్పొద్దూ, ఆ మౌనంలో నాకే నోరు దురదపెట్టింది. మా వంశంలోనే ఉందేమో, ఇంట్లో టీవీ ముందు నేను చేసేదీ అదేనని మా ఆవిడ అంటుంటుంది. ఇక పద్యం ఆగిపోతే ఊరి పరువు పోతుందని తెల్లవార్లూ కూర్చున్న మనిషి సంగతి చెప్పాలా? ఏడో సెకనుకు వణికాడు. పదో సెకనుకు లేచాడు. నాలుగో వరసలోంచి, మైకు అక్కర్లేని గొంతుతో, "అయ్యో నాయనా అను! అయ్యో నాయనా!" అన్నాడు.

పాప అనలేదు. మిగతా పది సెకన్లూ అలాగే నిలబడింది. హాలు మాత్రం నవ్వింది.

బహుమతి రాలేదు. కారణం ఇదని జడ్జిలు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. పాప ఇంటికొచ్చి తాతతో మాట్లాడటం మానేసింది. పండక్కి వచ్చినా పలకలేదు. చిన్నాయన ఆమె గది బయట అటూ ఇటూ తిరిగేవాడు. ఎదుటిమనిషి అసలు నోరే విప్పకపోతే ఏ మాట అందించాలో ఆయన పుస్తకంలో ఎక్కడా లేదు. చివరికి పాపే తలుపు తీసి, "తాతా, నేను మరిచిపోలా. అక్కడ మాట లేదు" అంది. "మాట లేకపోతే మరి జనానికి ఎట్టా తెలుస్తాది?" అన్నాడు. "తెలిసింది తాతా. నీకే తెలియలా." ఆయన చాలాసేపు ఆలోచించి, "అట్టయితే ఆ మాట లేదని నాకు ముందుగా ఎవరన్నా అందించాల్సింది" అన్నాడు. పాప నవ్వింది. రాజీ అయినట్టే లెక్క.

ఈ ఏడు మళ్ళీ చలికాలం వస్తోంది. పాప చదువు అయిపోయింది. అయినా ఆయనకు ఉత్సవాల మీద మనసు పోలేదు. విశ్వవిద్యాలయాల సంఘానికి అర్జీ పెట్టాలని నన్ను కూర్చోబెట్టి రాయించాడు. మిమిక్రీకి పోటీ ఉంది, ముగ్గుకు పోటీ ఉంది, ప్రాంప్టింగుకు ఎందుకు లేదు? కనుక వెంటనే పెట్టాలి. సమయం: రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారిందాకా. మార్కులు నూటికి. టార్చిలైటు జనం కంట్లో పడితే పది మార్కులు కోత. నిద్రపోతే ఇరవై కోత. గొంతు గనక మొదటి వరసకు వినిపించిందంటే పోటీలోంచే తీసెయ్యాలి.

నేను కలం ఆపాను. "చిన్నాయనా, ఈ లెక్కన నువ్వు మొదటి రౌండులోనే పోతావే?" అన్నాను.

"నేను దేనికి పోటీ చేస్తానబ్బయా" అన్నాడు. "జడ్జీని గదా నేను. కింద అది కూడా రాయి."