తూటాల పద్దు

తుపాకీ పోరులో దర్శకుడి సంతకం తూటాలు అయిపోయినప్పుడే బయటపడుతుంది. మైకేల్ మాన్ ‘హీట్’ (1995)లో దొంగలు లాస్ ఏంజెలెస్ నడివీధిలో పోలీసులపై కాలుస్తూ, మధ్యలో మ్యాగజైన్లు మార్చుకుంటారు. జాన్ వూ ‘ఎ బెటర్ టుమారో’ (1986)లో చౌ యున్ ఫాట్‌కు ఆ శ్రమ లేదు. పూలకుండీల్లో ముందే దాచిన పిస్తోళ్లు అందుకుంటాడు. (ఎరువు ఏం వేశారో గానీ, పంట బాగుంది.)

వూ తుపాకీ పోరు యుద్ధం కాదు నాట్యం, అక్కడ లెక్కలడగడం మొరటుతనం అంటారు అభిమానులు. ఒప్పుకుందాం. కానీ నాట్యమైనా ప్రతిసారీ అదే జతి అయితే ఎలా? ఆయన ‘ది కిల్లర్’ (1989) చర్చిలో పావురాలు కవిత్వమే. ‘ఫేస్/ఆఫ్’లోనూ, ‘మిషన్ ఇంపాజిబుల్ 2’లోనూ మళ్లీ ఎగిరితే రబ్బరు స్టాంపు. ముద్ర అంటే అదే కదా అంటారా? ముద్ర కొట్టే పని గుమాస్తాకు అప్పగించినా సరిపోతుంది, పావురాల మేత ఖర్చయినా మిగులుతుంది.